దక్షిణ యూరప్‌లో నడక: మే నెలా, దసరా సెలవులా, జులైనా?

మీరడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకూ తెలుస్తుంది. మీరు, మీ శ్రీమతి, తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి కలిసి ఒక పది రోజులు దక్షిణ యూరప్ వెళ్దామనుకుంటున్నారు. బస్సులో తిప్పే టూరు వద్దు, రోజుకు నాలుగైదు గంటలు నడుస్తూ చూడాలి. మనసులో ఉన్న చోట్లు మూడు: గ్రీసులో క్రీట్ దీవి, స్పెయిన్ దక్షిణాన ఆండలూసియా, ఇటలీ వాయవ్య తీరంలో చింక్వే తెర్రే అనే ఐదు ఊళ్లు. సెలవులు దొరికేది వేసవిలో గానీ, దసరాకు గానీ. మీ ట్రావెల్ ఏజెంటేమో “యూరప్ అంటే జులై, ఆగస్టే సార్, అంతకుముందు చలి” అంటున్నాడు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

ఆయన మాట స్విట్జర్లాండుకు, నార్వేకు సరిపోతుంది. మధ్యధరా సముద్రం ఒడ్డున నడవడానికి మాత్రం ఏడాది మొత్తంలో చెడ్డ నెలలు ఆ రెండే. నేను చాలా ఏళ్లుగా జర్మనీలో ఉంటున్నాను, వీలు చిక్కినప్పుడల్లా దక్షిణానికి నడకకే వెళ్తాను. నా సలహా ముందే చెప్పేస్తాను. వేసవి సెలవుల్లో అయితే ఏప్రిల్ ఆఖరు నుంచి మే ఆఖరు లోపు క్రీట్ వెళ్లండి. దసరాకైతే పండగ ఆ ఏడు ఏ తారీఖున వచ్చిందో చూసి చోటు ఖాయం చేసుకోండి. జులై, ఆగస్టు తప్ప కుదరదంటే తీరం సంగతి మరిచిపోయి కొండలెక్కండి. “యూరప్‌కి ఏ నెల మంచిది” అని అడిగితే జవాబు దొరకదు. ఫలానా నెలలో సెలవుంది, ఆ నెలకు ఏ చోటు మంచిది అని అడిగితే ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట జవాబు ఉంటుంది.

ఇందులో మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. యూరప్ పిల్లలకు పెద్ద సెలవులు జులై, ఆగస్టుల్లోనే. అందుకని ఎండ మండిపోతున్నా, హోటళ్ల రేట్లు రెట్టింపైనా పిల్లలున్నవాళ్లకు అప్పుడు వెళ్లక తప్పదు. మన రెండు రాష్ట్రాల బడులకు మామూలుగా ఏప్రిల్ నాలుగో వారం నుంచి జూన్ 11 దాకా సెలవులు. సీబీఎస్‌ఈ అయితే కొంచెం అటూ ఇటూ. సరిగ్గా అదే సమయంలో క్రీట్‌లో కొండలు పచ్చగా ఉంటాయి, వాగుల్లో నీళ్లుంటాయి, పగలు పద్నాలుగు గంటలు వెలుతురు ఉంటుంది. యూరప్ కుటుంబాలు కావాలన్నా వెళ్లలేని వారాలు మనకు ఊరికే దొరుకుతున్నాయి. వాటిని వదిలేసి జులైలో, అదీ బడి మాన్పించి మరీ వెళ్లడం నాకైతే అర్థం కాదు.

ఎండ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. “రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, 36 డిగ్రీలు మనకొక లెక్కా” అంటారు. నిజమే, కానీ ఆ ఎండల్లో మనం ఏం చేస్తాం? పదకొండు కొట్టేసరికి తలుపులు మూసి, కూలరు ముందు కూర్చుంటాం. పొలం పని చేసేవాళ్లు కూడా తెల్లవారుజామున వెళ్లి ఎండెక్కేలోపు తిరిగొస్తారు. నడక అలా కాదు. వీపున ఐదారు కిలోల సంచి, చెట్టు నీడన్నది లేని సున్నపురాయి గుట్ట, కింద రాయి నుంచి సెగ, పై నుంచి ఎండ. వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రత నీడలో కొలిచింది. మీరు నడిచేది ఎండలో. పైగా అక్కడి గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు. సముద్రం మీంచి గాలి వీస్తుంటే ఇంకా హాయిగా అనిపిస్తుంది. తల తిరిగేదాకా ఏమీ తెలియదు.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2024 జూన్‌లో గ్రీసు దీవుల్లో ఎండవేళ నడకకు బయలుదేరిన విదేశీయులు పలువురు చనిపోయారు. కొందరి కోసం రోజుల తరబడి వెతికారు. గమనించండి, అది ఇంకా జూనే. ఏథెన్సులో ఆక్రోపొలిస్ అనే పాత కోటగుట్టను 2023 జులైలోనూ, 2024 జూన్‌లోనూ వేడి వల్ల మిట్టమధ్యాహ్నం మూసేశారు. సిసిలీలో ఫ్లోరిడియా అనే ఊరి దగ్గర 2021 ఆగస్టు 11న 48.8 డిగ్రీలు నమోదైంది. యూరప్ ఖండానికి అదే రికార్డు. ప్రాణం సంగతి అలా ఉంచినా, వేసవిలో దారులే మూసేస్తారు. ఫ్రాన్సులో మార్సెయ్ పక్కనున్న కలాంక్ కొండల్లోకి జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా వెళ్లనిస్తారా లేదా అన్నది ఆనాటి కార్చిచ్చు ప్రమాదాన్ని బట్టి రోజు రోజుకూ మారుతుంది. ముందురోజు సాయంత్రం గానీ తెలియదు. హైదరాబాద్ నుంచి టికెట్లు కొనుక్కుని వెళ్లి, గేటు దగ్గర నుంచి వెనక్కి రావడానికా?

స్పెయిన్ విషయంలో ఇంకో చిక్కుంది. చాలామందికి తట్టదు. ఆ దేశం తన గడియారాన్ని జర్మనీ, ఇటలీలతో కలిపి నడుపుతుంది గానీ సూర్యుడి లెక్కన చూస్తే అది బాగా పడమటికి ఉంది. ఆండలూసియాలోని సెవియ్యాలో ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో దాదాపు రెండున్నర అవుతుంది. రోజు మొత్తంలో వేడి ఎక్కువగా ఉండేది సాయంత్రం ఐదు, ఆరు మధ్య. “మధ్యాహ్నం పడుకుని నాలుగింటికి బయలుదేరదాం, ఎండ తగ్గుతుంది” అని మన లెక్క వేసుకుంటే సరిగ్గా మంటలోకి నడిచినట్టే. అదే అక్టోబరు మొదట్లో తిరగబడుతుంది. ఎనిమిది దాటితే గానీ తెల్లవారదు. పొద్దున్నే లేచి ఆరింటికి నడక మొదలుపెట్టే అలవాటున్నవాళ్లు చీకట్లో హోటల్ వరండాలో కూర్చోవాలి.

ఇక క్రీట్. మీ మూడింటిలో నేను దీనికే ఓటేస్తాను, అదీ మేలో. అక్కడ వానలన్నీ అక్టోబరు చివరి నుంచి మార్చి లోపు పడిపోతాయి. ఆ నీళ్లు తాగిన నేల ఏప్రిల్, మే నెలల్లో పూస్తుంది. ఆలివ్ తోటల కింద ఎర్రని గసగసాల పూలు, పసుపు చామంతులు, గుట్టల మీద మేకలు. తలెత్తితే ల్యూకా ఓరి అనే తెల్లకొండలు. వాటిలో పెద్ద శిఖరం పాఖ్నెస్ 2,453 మీటర్లు, మే నెలలో కూడా దాని మీద మంచు మిగిలి ఉంటుంది. కింద చానియా ఊళ్లో పగటి ఉష్ణోగ్రత అప్పుడు సగటున 24, 25 డిగ్రీలు. మన డిసెంబరు మధ్యాహ్నం కంటే కూడా తక్కువే.

అక్కడ అందరూ నడిచేది సమరియా లోయ. మామూలుగా మే 1న తెరిచి అక్టోబరు ఆఖరున మూస్తారు. చలికాలంలో వాగు పొంగుతుంది, రాళ్లు దొర్లుతాయి, అందుకని లోపలికి రానివ్వరు. తెరిచి ఉండే నెలల్లో కూడా గట్టి వాన సూచన ఉన్నా, వడగాడ్పులు ఉన్నా ఆ రోజుకు మూసేస్తారు. కాబట్టి పది రోజుల్లో సమరియాను చివరి రోజుకు పెట్టుకోకండి. రెండో రోజో మూడో రోజో పెట్టుకుంటే, మూసినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది.

ఈ లోయ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ‘ఏ నెల’ అన్న ప్రశ్న ఒక్క రోజులో ఎలా తేలుతుందో ఇక్కడ కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. చానియా నుంచి తెల్లవారకముందే బస్సు. ఓమలోస్ మైదానం దాటి క్సిలోస్కలో అనే చోట దింపుతుంది. అది సుమారు 1,230 మీటర్ల ఎత్తు. మే మొదట్లో పొద్దున ఏడింటికి అక్కడ చేతులు జేబుల్లోంచి బయటికి రావు. టీషర్టు మీద వచ్చినవాళ్లు టీ కొట్టు ముందు వణుకుతూ ఉంటారు. అక్కడి నుంచి కర్ర రెయిలింగు ఉన్న మెట్లదారిలో దిగుడే దిగుడు. మొదటి కొన్ని కిలోమీటర్లలోనే చాలా ఎత్తు దిగిపోతాం, మోకాళ్లు అక్కడే సగం అరుగుతాయి. దేవదారుల్లాంటి చెట్ల నీడ ఉంటుంది, దారిలో ఊటనీటి కుళాయిలు వస్తాయి, సీసాలు నింపుకోవచ్చు. మధ్యలో సమరియా అనే పాత ఊరు. 1962లో దీన్ని జాతీయ పార్కు చేసినప్పుడు ఊరివాళ్లను ఖాళీ చేయించారు, రాతి ఇళ్లు మిగిలాయి. క్రి-క్రి అనే కొండమేకలు జనాన్ని చూసి పెద్దగా భయపడవు, తిండి సంచి జాగ్రత్త.

ఆ తర్వాత చెట్లు పలచబడి లోయ ఇరుకవుతుంది. మేలో వాగు ఇంకా పారుతుంటుంది, రాళ్ల మీద అడుగులేస్తూ, అక్కడక్కడా కర్ర వంతెనల మీద అటూ ఇటూ దాటాలి. కొన్ని చోట్ల ‘రాళ్లు పడతాయి, త్వరగా నడవండి’ అని బోర్డులుంటాయి. అక్కడ ఫొటోలకు ఆగకండి. ఇనుప ద్వారాలు అని పిలిచే చోట రెండు గోడల మధ్య నాలుగు మీటర్ల సందు కూడా ఉండదు, గోడలేమో మూడు వందల మీటర్ల దాకా లేస్తాయి. అది దాటాక పార్కు గేటు, అక్కడికి 13 కిలోమీటర్లు. మళ్లీ సముద్రం దాకా ఇంకో మూడు. ఆ చివరి మూడు కిలోమీటర్లలో నీడ లేదు, అప్పటికి మధ్యాహ్నం అవుతుంది. పొద్దున స్వెటర్ వేసుకున్న మనిషి ఇక్కడ టోపీ తడిపి నెత్తిన పెట్టుకుంటాడు. ఇదే మేలో అయితే కష్టంగా ఉంటుంది, అంతే. ఆగస్టులో అయితే ఆ మూడు కిలోమీటర్లే మొత్తం నడకను పాడుచేస్తాయి.

కింద ఆయియా రుమేలి అనే ఊరు. దానికి రోడ్డు లేదు. సాయంత్రం పడవ ఎక్కి స్ఫాకియాకో సూయాకో వెళ్లి, అక్కడ బస్సు పట్టుకుని చానియా రావాలి. పడవ తప్పితే రాత్రి అక్కడే. నా మాట వింటే పడవ తప్పుతుందన్న బెంగే లేకుండా ఆ రాత్రి అక్కడే గది తీసుకోండి. పగటి జనం పడవెక్కి వెళ్లిపోయాక ఊరు మీదవుతుంది, మర్నాడు తీరం వెంట లూత్రో వైపు నడవచ్చు. ఆ దారిలో ఇసుక ఒడ్డున సెయింట్ పాల్ పేరున చిన్న రాతి చర్చి ఉంది, సముద్రానికి అడుగుల దూరంలో. అమ్మాయికి 16 కిలోమీటర్లు ఎక్కువనిపిస్తే ఇంబ్రోస్ లోయ చాలు. దాదాపు అదే అందం, సగం దూరం.

మే గురించి మంచే చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. సముద్రం అప్పటికింకా చల్లగా ఉంటుంది, 19, 20 డిగ్రీలు. జర్మన్లు దూకుతారు గానీ మనవాళ్లు మోకాళ్ల దాకా దిగి వెనక్కి వస్తారు. వసంతంలో అప్పుడప్పుడు ఆఫ్రికా నుంచి దక్షిణపు గాలి వీస్తుంది, సహారా దుమ్ము మోసుకొస్తుంది. 2024 ఏప్రిల్ 23న ఏథెన్సు ఆకాశం నారింజ రంగుకు తిరిగింది కూడా దీనివల్లే. ఇలాంటి గాలి వచ్చినా ఒకటి రెండు రోజులకు మించి సాధారణంగా ఉండదు. ఆస్తమా ఉన్నవాళ్లయితే ఇన్‌హేలరు దగ్గర పెట్టుకోవాలి. ఏప్రిల్ మొదట్లో వెళ్తే దక్షిణ తీరంలో చాలా హోటళ్లు, తిండి కొట్లు తెరవనే తెరవరు, బస్సులూ తక్కువ. అందుకే ఏప్రిల్ ఆఖరు అన్నాను.

ఇంకొకటి, ఈస్టర్. గ్రీకుల ఈస్టర్ మిగతా యూరప్ ఈస్టరు రోజునే రావాలని లేదు. 2027లో పశ్చిమ దేశాలకు మార్చి 28న అయితే గ్రీసులో మే 2న. అంటే మీ సెలవులు మొదలైన వారమే వాళ్లకు పెద్ద పండగ. నగరాల జనమంతా సొంతూళ్లకు బయలుదేరుతారు. మన సంక్రాంతికి విజయవాడ హైవే ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఇక్కడ హైవే బదులు ఓడలు. ఆ ఏడు వెళ్లేట్లయితే మే 5 తర్వాత దిగండి. అయితే పండగకు ముందు నలభై రోజుల ఉపవాస కాలంలో వెళ్తే శాకాహారులకు ఒక లాభం ఉంది. ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు లేని వంటలు ప్రతి హోటల్లోనూ దొరుకుతాయి. ఉడికించిన అడవి ఆకుకూర మీద ఆలివ్ నూనె, నిమ్మరసం. పెద్ద చిక్కుడు గింజల కూర. ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం. ‘నిస్తీసిమా’ అని అడిగితే చూపిస్తారు. కానీ వాళ్ల ఉపవాసంలో రొయ్యలు, స్క్విడ్ చెల్లుతాయి, ఆ సంగతి విడిగా అడగండి.

ఆండలూసియాకు సమయం ఇంకాస్త ముందు. అక్కడ ఏప్రిల్ బ్రహ్మాండంగా ఉంటుంది, మే మొదటి సగం పర్వాలేదు, మే చివరికి లోతట్టు ఊళ్లలో ఎండ ముదిరిపోతుంది. సెలవులిచ్చిన మర్నాడే విమానం ఎక్కితే తప్ప మీకు తెల్ల ఊళ్లు, రోండా చుట్టుపక్కల నడకలు హాయిగా కుదరవు. రోండా దగ్గరి గ్రజలేమా కొండల పేరు విని ఉంటారు. ఆ కొండలు అట్లాంటిక్ మేఘాలను అడ్డగిస్తాయి, ఏడాదికి దాదాపు రెండు వేల మిల్లీమీటర్ల వాన, స్పెయిన్‌లో బాగా తడిసే చోట్లలో అదొకటి. వసంతంలో గొడుగు తప్పదు, వేసవిలో కార్చిచ్చు భయంతో అక్కడి కొన్ని దారులు మూసేస్తారు.

అయినా స్పెయినే కావాలంటే మే నెలాఖరుకు అల్పుహర్రాస్ వెళ్లండి. గ్రనడాకు దక్షిణంగా, సియెర్రా నెవాడా వాలు మీద ఉన్న ఊళ్లవి. పంపనేరా, బుబియోన్, కపిలేరా ఒకదాని మీద ఒకటి మెట్లు పేర్చినట్టు ఉంటాయి. కపిలేరా 1,400 మీటర్ల పైమాటే. ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు: వంద మీటర్లు పైకెళ్తే సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. కింద తీరంలో 31 ఉంటే కపిలేరాలో 22, 23. పైన మంచు కరుగుతూ ఉంటుంది, ఆ నీళ్లను ముస్లింల పాలనలో తవ్విన పాత కాలువలు ఊరూరికీ తెస్తాయి. వాటిని అసేకియాలు అంటారు. చాలా చోట్ల కాలిబాట కాలువ గట్టు మీదే. మన చెరువు కాలువల కింద పెరిగినవాళ్లకు ఆ మడులు, తూములు, నీటి వంతులు చూస్తే ఎక్కడో చూసినట్టే ఉంటుంది. అక్టోబరులో వెళ్తే అదే కాలువల్లో నీళ్లు సన్నగిల్లి ఉంటాయి.

దసరా సంగతికి వస్తాను. ఆగస్టు, సెప్టెంబరు ఎండకు కాగిన సముద్రం క్రీట్ దగ్గర అక్టోబరులో కూడా 23, 24 డిగ్రీలుంటుంది. ఈత కొట్టాలనుకుంటే వసంతం కంటే ఇదే నయం. జనం తగ్గుతారు, ద్రాక్ష కోతలు అవుతుంటాయి. కానీ నేల ఎండిపోయి గోధుమరంగులో ఉంటుంది, ఊటలు చాలావరకు ఆరిపోతాయి, నీళ్లు ఎక్కువ మోయాలి. పగలు కూడా చిన్నది. మే మధ్యలో పద్నాలుగు గంటల వెలుతురు ఉంటే అక్టోబరు మధ్యలో పదకొండు, పదకొండున్నర. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజు నుంచి క్రీట్‌లో ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడు.

అన్నిటికంటే ముఖ్యం వాన. అది మన ముసురులా రోజంతా చినుకులు కాదు. వెచ్చని సముద్రం మీదికి పైనుంచి మొదటి చల్లగాలి వచ్చిందంటే కొన్ని గంటల్లో కుమ్మేస్తుంది. వెచ్చని బంగాళాఖాతం అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లకు బలాన్ని ఇచ్చినట్టే, అక్కడా ఆ సముద్రపు వేడే మూలం. 2011 అక్టోబరు 25న చింక్వే తెర్రేలోని వెర్నాత్సా, మొంతెరొస్సో ఊళ్లను బురద, రాళ్లు ముంచేశాయి. 2024 అక్టోబరు 29న స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతంలో వచ్చిన వరదలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఎండిపోయిన వాగు, ఇరుకు లోయ, మెట్ల పొలాల కింద కాలిబాట: ఇలాంటి చోట్ల ఆ వాన పడితే తప్పించుకోవడానికి టైము ఉండదు.

ఈ వానలు పడమర, ఉత్తరాల నుంచి మొదలై నెమ్మదిగా ఆగ్నేయానికి జరుగుతాయి. ఇటలీ వాయవ్య తీరంలో సెప్టెంబరు చివరికే భయం మొదలైతే, క్రీట్‌లో అక్టోబరు మధ్య దాకా చాలా ఏళ్లు పొడిగానే ఉంటుంది. ఇక్కడే పండగ తారీఖు పనికొస్తుంది. 2025లో దసరా అక్టోబరు 2, 2026లో అక్టోబరు 20. పండగ తొందరగా వచ్చిన ఏడు, సెలవులు సెప్టెంబరు చివర మొదలైతే, వాన హెచ్చరికలు చూసుకుంటూ చింక్వే తెర్రే పెట్టుకోవచ్చు. ఆలస్యంగా వచ్చిన ఏడు ఇటలీ మాటెత్తకుండా క్రీట్ గానీ, ఇంకా తూర్పున రోడ్స్ అనే దీవి గానీ చూసుకోండి.

చింక్వే తెర్రే గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. అందమైన చోటే. మొంతెరొస్సో, వెర్నాత్సా, కొర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరె, ఐదు ఊళ్లూ రైలుతో కలిపి ఉన్నాయి, అలసిపోతే రైలెక్కెయ్యొచ్చు, పిల్లలతో అది పెద్ద సౌకర్యం. కానీ ఏప్రిల్ 25, మే 1, జూన్ 2 ఇటలీకి సెలవు రోజులు. ఆ రోజుల చుట్టూ అక్కడి బాటల మీద నడక ఉండదు, క్యూ ఉంటుంది. మే మధ్యలో, వారం మధ్యలో, పొద్దున్నే వెర్నాత్సా నుంచి కొర్నీల్యా నడిస్తే బాగుంటుంది. కొర్నీల్యా స్టేషను నుంచి ఊళ్లోకి దాదాపు 380 మెట్లు, లెక్కలో వేసుకోండి. చెప్పులతో బాట మీదికి రానివ్వరు, జరిమానా వేస్తారు. వాతావరణ హెచ్చరిక వచ్చిన రోజు బాటలు మూసేస్తారు. ఇటలీ, ఫ్రాన్సుల్లో అక్టోబరు, నవంబరుల్లో అడవి పందుల వేట జరుగుతుంటుంది. ఆదివారాలు అడవి దారిలో తుపాకుల చప్పుడు వినిపిస్తే కంగారు పడకండి గానీ, ఎర్రదో నారింజదో చొక్కా వేసుకోండి, దారి వదలకండి.

జులై, ఆగస్టు తప్ప గతి లేనివాళ్లకు దోలొమితి కొండలున్నాయి. ఉత్తర ఇటలీ. అక్కడి కొండ విడుదులు సుమారు జూన్ 20 నుంచి సెప్టెంబరు 20 దాకా తెరిచి ఉంటాయి, త్రే చీమె అనే మూడు శిఖరాల చుట్టూ పది కిలోమీటర్ల నడక పిల్లలూ చేస్తారు. మధ్యాహ్నం ఉరుములు, పిడుగులు మామూలే కాబట్టి ఒంటిగంటకల్లా దిగి వచ్చేలా చూసుకోవాలి. ఇక సంక్రాంతి సెలవులకు ఎవరైనా అడిగితే మదీరా, కెనరీ దీవులు చెబుతాను. ఫిబ్రవరిలో అయితే మయోర్కా, బాదం చెట్లు పూస్తాయి.

వీసా లెక్క వెనక నుంచి వేసుకోండి. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల ముందు వరకే తీసుకుంటారు. ఎక్కువ రోజులుండే దేశానికే దరఖాస్తు చేయాలి, కాబట్టి ముందు దేశం ఖాయం కావాలి. మూడు దేశాలూ పది రోజుల్లో కలిపేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి, విమానాశ్రయాల్లోనే నడుస్తారు. వేసవి రద్దీకి హైదరాబాద్ వీసా కేంద్రాల్లో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. మే ప్రయాణమైతే జనవరిలోనే కాగితాలు కదపండి. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, మీ అమ్మాయి పన్నెండు దాటింది కాబట్టి తనకీ అంతే. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాలసీ కొనేటప్పుడు ట్రెక్కింగు, కొండ మీంచి దింపే ఖర్చు అందులో ఉన్నాయో లేదో చదవండి. చాలా చవక పాలసీల్లో అవి ఉండవు.

సామాను సంగతి మే నెలకు, క్రీట్‌కు మాత్రమే చెబుతాను. మడత పెట్టే గాలి జాకెట్టు, పల్చని స్వెటర్, అంచున్న టోపీ, మనిషికి రెండు లీటర్ల సీసాలు, ఇంటి దగ్గర మెడికల్ షాపులో కొన్న ఓఆర్‌ఎస్ పొట్లాలు పది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు చేతి కర్రలు, సమరియా దిగుడులో వాటి విలువ తెలుస్తుంది. బూట్లు ఏప్రిల్ మొదటి వారంలోనే కొని, అందరూ రోజూ పొద్దున కేబీఆర్ పార్కులోనో ట్యాంక్‌బండ్ మీదో వాటితోనే తిరగండి. కొత్త బూట్లతో క్సిలోస్కలో మెట్లు దిగితే రెండో రోజుకు బొటనవేలి గోరు నల్లబడుతుంది. మెట్లు దిగే అలవాటు కూడా కావాలి, మీరు అపార్టుమెంటులో ఉంటే నెల రోజులు లిఫ్టు మానేయండి. అమ్మాయి సెలవుల తారీఖులు, మీ లీవు ఖాయమయ్యాక రాయండి. చానియాలో ఎన్ని రాత్రులు, దక్షిణ తీరంలో ఎన్ని రాత్రులు అన్నది అప్పుడు కూర్చుని వేద్దాం.